బియ్యమున్న యింట పస్తు

పలనాటి జొన్నకూటిని గూర్చి శ్రీనాథుని పేర వాడుకలో నున్న చాటువులు విని నవ్వనివారు తెలుగునాట అరుదు. సన్నబియ్యమునకు అలవడిన కవిసార్వభౌమునకు ఈ సీమలో ఏ యింట చూచినను జొన్నయే యెదురైనదన్న పరిహాసము మనకు బడిలోనే పరిచితమైనది గాని, ఆ జొన్నకూటినే, అదియు కడుపునిండుగ గాక, తరతరములుగ తిని బ్రతికినవారి యెముకలు ముదిమిలో ఏమైనవన్న ప్రశ్న మాత్రము పాఠ్యపుస్తకములు వ్రాసినవారికి తట్టలేదు. అది వైద్యులకు తట్టినది. జనాభా శాస్త్రజ్ఞులకు తట్టినది. ఆలస్యముగనైనను అర్థశాస్త్రజ్ఞులకును తట్టినది. వృద్ధులలో తిండి కొరతకును అంగవైకల్యమునకును గల సంబంధమెట్టిదని దేశదేశములలో జరుగుచున్న పరిశోధనల సారమును, నరసరావుపేట, గురజాల, మాచర్ల సీమల గడపలో నిలిచి ఒకమారు పరికించుట ఈ వ్యాసమునకు పని.

ముందుగ మాటల సంగతి. 1974లో రోములో జరిగిన ప్రపంచ ఆహార మహాసభనాటికి ఆహారభద్రత యనగా ధాన్యపు రాశి. ఏ దేశమున ఎంత గోధుమ, ఎంత బియ్యము నిలువయున్నదన్నదే లెక్క. గాదెలు నిండియున్నను మనుష్యులు ఆకలితో చచ్చుట సాధ్యమేయనియు, తిండి యుండుట వేరు, దానిపై హక్కుండుట వేరనియు 1981లో అమర్త్యసేన్ కరవులను గూర్చిన తన గ్రంథమున నిరూపించిన పిదప ఆ లెక్కకు విలువ తగ్గినది. 1996లో మరల రోములోనే కూడిన ఆహార శిఖరాగ్రసభ, ప్రజలందరికిని, అన్నివేళలను, చాలినంత పౌష్టికాహారము భౌతికముగను ఆర్థికముగను అందుబాటులో నుండుటయే ఆహారభద్రతయని నిర్వచించినది. ఇందులో ‘ఆర్థికముగ’ నన్న మాటను పట్టుకొని ప్రభుత్వములు దాదాపు ముప్పదియేండ్లుగ పనిచేయుచున్నవి. ‘భౌతికముగ’ నన్న మాట, అనగా చేయి చాచిన అందవలెనన్న మాట, కాగితముమీదనే నిలిచిపోయినది. వృద్ధుల విషయమున కీలకమంతయు ఆ విడిచిపెట్టిన మాటలోనే యున్నదని నా యభిప్రాయము.

వైకల్యమును కొలుచుటకు పరిశోధకులకు రెండు కొలబద్దలు కలవు. స్నానము చేయుట, బట్ట కట్టుకొనుట, మరుగుదొడ్డికి పోవుట, మంచముమీదినుండి లేచుట, మలమూత్రములను ఆపుకొనగలుగుట, తన చేతితో తాను తినుట యను ఆరు పనులతో 1963లో సిడ్నీ కాట్జ్ అను అమెరికా వైద్యుడు కూర్చినది మొదటిది. వంట, అంగడికి పోయి సరకులు తెచ్చుకొనుట, డబ్బు లెక్క చూచుకొనుట, మందులు వేళకు వేసికొనుట మొదలైన పనులతో 1969లో లాటన్, బ్రోడీ యనువారు కూర్చినది రెండవది. మొదటి పట్టికలో తినుట కలదు. రెండవ పట్టికలో వండుటయు కొనుటయు కలవు. ఆకలికిని అశక్తతకును సంబంధమున్నదా యని వేలమందిని ప్రశ్నించి, గణితశాస్త్రమును మథించి తేల్చుటకు పూర్వమే, ఆ సంబంధము కొలబద్దలోపలనే కూర్చున్నదన్నమాట. ఈ చిన్న చిక్కును గుర్తింపని వ్యాసములు విజ్ఞాన పత్రికలలో లేకపోలేదు.

మన దేశమున ఈ విషయమునకు పెద్ద యాధారము, ముంబాయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ విదేశ విశ్వవిద్యాలయముల తోడ్పాటుతో 2017–18లో జరిపిన వార్ధక్య సర్వే. పరిశోధకులు దానిని ‘లాసీ’ యందురు. 45 ఏండ్లు నిండినవారిని, వారి జీవితభాగస్వాములను కలిపి 72 వేల మందికి పైగ జనులను ప్రశ్నించిన ఆ సర్వే నివేదిక 2021 జనవరిలో వెలువడినది. అందు 60 ఏండ్లు దాటినవారిలో దాదాపు నాల్గవవంతు మందికి కాట్జ్ పట్టికలోని పనులలో ఏదో యొకటి కష్టమైనదనియు, దాదాపు సగముమందికి రెండవ పట్టికలోని పనులలో ఏదో యొకటి కష్టమైనదనియు తేలినది. ఇంటిలో తిండి చాలక తమ భోజనమును తగ్గించుకొన్నామన్న వృద్ధులు నూటికి ఆరుగురు. దినమంతయు ఏమియు తినక గడిపితిమన్నవారు నూటికి నలుగురు. తిండి చాలనివారిలో పనులు చేసికొనలేనివారు తక్కినవారిలోకంటె ఎక్కువగ నున్నారని ఈ లెక్కలను విశ్లేషించినవారు చూపిరి. అమెరికా మొదలైన దేశముల సర్వేలును ఆ మాటయే చెప్పుచున్నవి. ఇంతవరకు వివాదము లేదు. నన్ను కలతపెట్టినది వేరొకటి. వృద్ధులలో సగముమందికి వంటయో, అంగడియో, మరియొకటియో భారమైనచోట ఆకలిగొన్నామన్నవారు నూటికి ఆరుగురేనా? బిడ్డలు వండి పెట్టుచున్నందున కొంత సరిపోవచ్చును. కొంత మాత్రము ప్రశ్నలోని లోపము. సర్వే వేసిన ప్రశ్న ‘ఇంటిలో తిండి చాలక’ తినకుంటివా యని. ఇంటిలో తిండి యుండియు తినకుండుట యొకటి కలదని ఆ ప్రశ్నకు తెలియదు.

కారెంపూడినుండి దుర్గివైపు పోవు త్రోవలో నొక పల్లె. నాపరాళ్ళు పరచిన అరుగుమీద గుంజకు చేరగిలబడి, రెండు కాళ్ళు ఎదుటికి చాపుకొని కూర్చున్న డెబ్బదియేండ్ల ముసలమ్మను నేను పలుకరించితిని. భర్త లేడు, కొడుకు హైదరాబాదులో కట్టుబడి పనికి పోయినాడు. లోపల మూలను రేషను బియ్యపు మూట కనబడుచున్నది. “బియ్యం వస్తున్నాయా మామ్మా?” అంటిని. “బియ్యానికేం నాయనా, మూట మూతి విప్పకుండానే ఉంది” అన్నది. “మరి రాత్రి ఏం తిన్నావు?” ఆమె నావంక అమాయకుని చూచినట్లు చూచినది. “రాత్రి తింటే తెల్లవారకముందే దొడ్లోకి పోవాల గదా! ఆ మరుగుదొడ్డిలో కూర్చుంటే లేవలేను. మొన్నొకసారి గోడ పట్టుకొని పొద్దెక్కిందాకా అక్కడే ఉన్నా. అందుకని పగలే రెండు ముద్దలు తిని, చీకటి పడ్డాక మంచినీళ్ళు గూడా ముట్టను.” పొయ్యి నేలమీదిది, వంగి ముట్టించినచో మరల లేచుటకు గడపను పట్టుకొనవలెను గనుక ప్రొద్దున నొక్కసారియే వండి, పగటికి అన్నము, సాయంకాలమునకు ఆ అన్నమే చల్లది. కూర లేదు, పచ్చిమిరపకాయ కారము కలదు. ఈమెను సర్వేవారు ప్రశ్నించియుందురేని, ఆహారభద్రత గల వృద్ధురాలుగ లెక్కింపబడియుండును. బియ్యమున్నది, పింఛనున్నది, పొయ్యి యున్నది. లేనిదల్లా మోకాళ్ళలో పట్టు.

ఇది వైకల్యమునుండి ఆకలికి పోవు దారి. దీనికి ఎదురుగ ఆకలినుండి వైకల్యమునకు వచ్చు దారియు నున్నది. అది దీనికంటె నెమ్మదియైనది, లోతైనది. వయస్సు మీరినకొలది కండ కరగుట సహజమే. దానికి 1989లో ఇర్విన్ రోసెన్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడు గ్రీకు మాటలు కూర్చి ‘సార్కోపీనియా’ యని పేరు పెట్టినాడు. మాంసక్షయమని మనము చెప్పుకొనవచ్చును. మాంసకృత్తులు చాలనిచో ఈ క్షయము వేగమగును, కండ తగ్గినవాడు పడును, పడినవాడు మంచమెక్కును, మంచమెక్కినవానికి ఆకలియే మందగించును. చౌకడిపో బియ్యమునే లెక్కవేసి చూడుడు. మనిషికి నెలకు 5 కిలోలు, అనగా దినమునకు ఇంచుమించు 165 గ్రాములు. అది యిచ్చు శక్తి 600 కాలరీలకు లోపు. మాంసకృత్తులు 13 గ్రాములకు అటునిటు. జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించిన కొలత ప్రకారము దేహపు బరువులో కిలోకు 0.83 గ్రాముల చొప్పున 50 కిలోల స్త్రీకి 41 గ్రాములకు పైగ మాంసకృత్తులు కావలెను. తక్కిన రెండువంతులు పప్పులోనుండియో, పాలలోనుండియో, గ్రుడ్డులోనుండియో రావలెను. పండ్లూడిన నోటికి జొన్నరొట్టె నమలుట చేతగాదు. పప్పు ధర పింఛనును నమలుచున్నది.

అయితే పలనాటి వృద్ధుల యెముకల కథ నిన్న మొన్న మొదలైనది కాదు. మన దేశమున ఫ్లోరైడు వ్యాధిని మొట్టమొదట గుర్తించి లోకమునకు తెలిపినది 1937లో, షార్ట్ ప్రభృతి వైద్యులు, ఆనాటి నెల్లూరు మండలమున. బావినీటిలోని ఫ్లోరైడు ఏండ్ల తరబడి ఎముకలలోనికి దిగి, వెన్ను కట్టెవలె బిగిసి, మెడ త్రిప్పలేక, నడుము వంచలేక, నలువదియేండ్లకే ముసలివారైన రైతులను వారు చూచిరి. ఆ నేలకు ఉత్తరమున నున్న వినుకొండ, బొల్లాపల్లి ప్రాంతములకును ఈ పీడ తప్పలేదు. పిమ్మట 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరమునుండి 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువ మాచర్లకు చేరువనే పుట్టి, గురజాల, నరసరావుపేట సీమలలో మిరప, ప్రత్తి, వరి పండించి పలనాటి ముఖమునే మార్చినదన్న మాట నిజము. కాని ప్రతి మేలునకును ఒక నీడ యుండును. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదునకు వచ్చిన పోషకాహార సంస్థలోని కృష్ణమాచారి, కృష్ణస్వామి యను శాస్త్రజ్ఞులు, ఆనాటి ఆంధ్రప్రదేశములోని ఫ్లోరైడు గ్రామములలో, యౌవనమునకు వచ్చుచున్న బాలురకు మోకాళ్ళు ఒకదానితో నొకటి రాచుకొనుచు పాదములు వెలికి విరిగినట్లగు క్రొత్త వైకల్యమును కనుగొని 1973లో ప్రకటించిరి. జలాశయము వలన భూగర్భజలము పైకెగసి, నేల క్షారగుణము హెచ్చి, జొన్నలో మాలిబ్డినమను లోహము అధికమై, దానిచే దేహములో రాగి తరిగి, అసలే సున్నము చాలని యెముకలు మరింత మెత్తబడినవని వారి ఊహ. 1977లో అదే సంస్థకు చెందిన లక్ష్మయ్య, శ్రీకంఠయ్య యనువారు, బియ్యపు అన్నము తినువారికంటె జొన్న తినువారి దేహములో ఫ్లోరైడు ఎక్కువగ నిలుచుచున్నదని చూపిరి.

ఇందులో జొన్నను దోషిగ నిలుపుట నాకు సమ్మతము కాదు. పాలు, పెరుగు, పప్పు, ఆకుకూర తోడుగ గల జొన్న పుష్టికరమైన ధాన్యమే. నేడు పట్టణవాసులు మధుమేహమునకు వెరచి, సన్నబియ్యముకంటె ఎక్కువ వెల పెట్టి, దానిని కొని తినుచున్నారు. దోషము జొన్నలో లేదు, జొన్న తప్ప మరియొకటి లేకపోవుటలో నున్నది. సున్నము చాలని దేహమున ఫ్లోరైడు రెండింతల కీడు చేయునని వైద్యులు పలుమారు చెప్పిరి. ఒకే బావి నీరు త్రాగిన రెండిండ్లలో పాడిగల ఇంటివాడు నిలువుగ నడచుటయు, పాడిలేని ఇంటివాడు వంగి నడచుటయు కేవలము దైవికము కాదు.

ఇప్పుడొక చిన్న గణితము. 1973లో ఆ వైద్యులు చూచిన పదునైదేండ్ల పిల్లలు నేడు అరువదియైదు దాటినవారు. అనగా నాడు విజ్ఞాన పత్రికలలో ఛాయాచిత్రములకు నిలిచిన తరమే నేడు పింఛను వరుసలలో నిలిచియున్నది. ముందుగ వచ్చినది ఆకలియా, వైకల్యమా యని పరిశోధకులు తర్జనభర్జనలు పడుచున్నారు. ఒక్కమారు ప్రశ్నించి పోయిన సర్వే ఆ చిక్కును విప్పలేదని తామే యొప్పుకొనుచున్నారు. పలనాట ఆ ప్రశ్నకు జవాబు యాబదియేండ్ల క్రిందటనే మోకాళ్ళమీద వ్రాయబడియున్నది. బాల్యపు తిండిలేమి వైకల్యమును కన్నది. వైకల్యము వార్ధక్యపు తిండిలేమిని కనుచున్నది. ఇటీవలి యేండ్లను మాత్రమే లెక్కకు తీసికొను అధ్యయనములు ఈ వంశవృక్షములో కడపటి కొమ్మను మాత్రమే చూచుచున్నవి.

వైకల్యము తెచ్చు నష్టము రెండు విధములని సేన్ తన పిమ్మటి రచనలలో వివరించినాడు: వికలాంగుడు తక్కువ ఆర్జించును, ఆర్జించిన రూపాయితో సైతము ఇతరులంత సుఖమును కొనలేడు. మిరపకాయల కోతలు వచ్చినప్పుడు నడుము వంగని ముసలమ్మను ముఠాలోనికి ఎవరును పిలువరు; ఇది మొదటి నష్టము. పింఛను చేతికి వచ్చినను, మాచర్ల సంతకు పోయి కూర తెచ్చుకొనుటకు ఆటోకు కొంత, తోడు వచ్చినవానికి కొంత పోవును, ఇది రెండవది. దీనికి మూడవదానిని మన యిండ్లు చేర్చుచున్నవి. ఇద్దరు ముగ్గురు కొడుకులున్నచోట తల్లిని వంతులు వేసికొందురు, నెలకొకయింట భోజనము. బియ్యపుకార్డు పెద్దకొడుకు ఇంటిలో, తల్లి ఆ నెలకు చిన్నకొడుకు ఇంటిలో. ఆమె పేర వచ్చిన 5 కిలోలు ఒక కుండలో ఉడుకును, ఆమె వేరొక కుండకు ఎదురుచూచును. ఇంటికంతటికి ఒక ప్రశ్న వేసి పోవు సర్వేలకు ఈ సంగతి ఏనాటికిని తెలియదు. చౌకడిపో పుస్తకమునకు అసలే తెలియదు.

ఆ డిపో సంగతియు కొంత. 2015 ప్రాంతమున వేలిముద్రల యంత్రములు వచ్చినవి. దొంగ కార్డులకు కళ్ళెము పడినదని అధికారులు సంతోషించిరి; ప్రత్తి ఏరి, మిరప కోసి, నాపరాళ్ళు మోసి గీతలరిగిన వ్రేళ్ళను యంత్రము గుర్తింపక, రెండవమారు, మూడవమారు నొక్కి నొక్కి వెనుకకు మరలిన వృద్ధులను చూచినవారు మాత్రము అంతగ సంతోషింపలేదు. 2021లో రేషను సరకుల బండ్లు వీధులలోనికి వచ్చినవి; 2025 జూన్ నుండి ఆ బండ్లను నిలిపి, 65 ఏండ్లు దాటినవారికిని వికలాంగులకును మాత్రము సరకులు ఇంటికే చేర్చవలెనన్న నియమమును పెట్టిరి. ‘భౌతికముగ’ నన్న మాటకు మన రాష్ట్రమున ఎవరైన విలువనిచ్చిరనిన అది ఇక్కడనే.

పింఛను విషయమున తెలుగు ప్రభుత్వములను నిందించుట న్యాయము కాదు. కేంద్రమువారు 60 ఏండ్లు దాటినవారికి 200, 80 దాటినవారికి 500 రూపాయలతో పదేండ్లకు పైగ చేతులు కట్టుకొని కూర్చుండగ, ఇచ్చట 2024 జులై 1 నుండి వృద్ధులకు 4,000, వికలాంగులకు 6,000, మంచము పట్టినవారికి 15,000 అందుచున్నవి. కాని వికలాంగుడనిపించుకొనుటకు, వైకల్య ధ్రువపత్రములిచ్చు సదరం శిబిరమున 40 శాతము తేలవలెను. ముదిమిచే మోకాళ్ళు పట్టుదప్పినవారికి ఆ శాతము తేలుట కష్టము. ప్రభుత్వ దృష్టిలో వారు వృద్ధులే గాని వికలాంగులు కారు. 2025లో పాత ధ్రువపత్రములను మరల పరీక్షించినప్పుడు పుట్టిన గగ్గోలు జ్ఞాపకముండియే యుండును. అనర్హులు లేరని నేననను. కాని దొడ్డికి పోవ వెరచి రాత్రిభోజనము మానుకొను స్త్రీకి ఏ శాతము వేయవలెనో ఆ శిబిరపు పట్టికలో లేదు. వైద్యుని కొలబద్ద ఎముకను కొలుచును. కాట్జ్ కొలబద్ద పనిని కొలుచును. మన ప్రభుత్వములు మొదటిదానిని పట్టుకొని రెండవదానిని పరిశోధకులకు వదలివేసినవి.

వండిన అన్నమును గడపకు చేర్చు మార్గము క్రొత్తది కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఇంగ్లండులో వృద్ధులకు బండ్లమీద భోజనము పంపిరి. 1954లో ఫిలడెల్ఫియా నగరమువారు దానిని అనుకరించిరి. 1972లో అమెరికా ప్రభుత్వము అరువదియేండ్లు దాటినవారి భోజనమునకు చట్టమునే చేసినది. మన పొరుగున తమిళనాడు 1983లోనే బడిపిల్లల మధ్యాహ్న భోజనములోనికి పింఛనుదారులైన వృద్ధులను చేర్చుకొన్నది. మనకు 2024 ఆగస్టు 15న మరల తెరచిన అన్న క్యాంటీనులు కలవు; అయిదు రూపాయలకు భోజనము. మంచిదే; కాని అవి చాలవరకు పట్టణములలో నున్నవి, అక్కడ నిలువబడి పళ్ళెము పట్టుకొనగలవానికే ఆ యన్నము. ఈ సీమలో బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒకే చాపమీద కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించినాడని పలనాటివారు నేటికిని గర్వముగ చెప్పుకొందురు. కులము అడ్డుగోడయైన కాలమునకు అది సరియైన మందు. నేటి అడ్డుగోడ మోకాలు. చాప యున్నచోటికి రాలేనివానియొద్దకు కూటినే మోసికొని పోవలెను.

దీనికి క్రొత్త శాఖయు, క్రొత్త భవనమును అక్కరలేదు. ఊరూర బడిలో మధ్యాహ్నము వంట జరుగుచునే యున్నది. అదే పొయ్యిమీద పది పళ్ళెములు ఎక్కువ వండి, పప్పుతోను గ్రుడ్డుతోను గడపలకు చేర్చుటకు పొదుపు సంఘముల స్త్రీలు చాలుదురు. ఖర్చు లెక్కలు ఆర్థికశాఖవారు వేసికొందురు గాక. ముందుగ ఎవరికి చేర్చవలెనో తెలియవలెను. ప్రతి నెల ఒకటవ తేదీన సచివాలయ ఉద్యోగి పింఛను పట్టుకొని ఆ మామ్మ యరుగు ఎక్కుచున్నాడు. ఆమె వేలిముద్ర తీసికొను ఆ రెండు నిమిషములలో, నిన్న రాత్రి ఏమి తిన్నావని యడిగి, తినలేదన్నచో కారణముతో సహా వ్రాసికొని పోవుటకు, ఒక్క కాగితము అచ్చువేయింపవలసినదిగ పలనాడు జిల్లా కలెక్టరుగారికి మనవి.